కాశి ఎంత దూరం?

హైదరాబాదు నుంచి వారణాసికి విమానదూరం సుమారు 1000 కిలోమీటర్లు. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తున్నారన్నదాన్ని బట్టి ఈ అంకె కాస్త అటూ ఇటూ జరుగుతుంది. చార్మినార్ నుంచి గంగ ఒడ్డుకు లెక్కిస్తే వెయ్యికి దగ్గరగా వస్తుంది. శంషాబాద్ విమానాశ్రయం నగరానికి దక్షిణాన, బాబత్‌పూర్ విమానాశ్రయం వారణాసికి వాయవ్యాన ఉన్నాయి కనుక ఆ రెండింటి మధ్య లెక్కిస్తే మరో ఇరవై కిలోమీటర్లకు పైగా కలుస్తుంది. నాగపూరు, జబల్పూరు, రీవాల మీదుగా రోడ్డున పోతే 1200 కిలోమీటర్లు దాటుతుంది. విమానం ఎక్కినవారికి ఇది సుమారు రెండు గంటల ప్రయాణం. కాశికి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్న సామెత పుట్టిన కాలంలో ఇదే దూరం నెలల తరబడి సాగేది, తిరిగి వస్తామన్న పూచీ ఉండేది కాదు.

ఈ అంకెలన్నీ ఆ రెండు ఊళ్ల మధ్యవే. వీటిలో అసలు దూరం ఏది? అది ఊళ్లలో ఉందా, నడుమనున్న నేలలో ఉందా, కొలిచేవారి బుద్ధిలో ఉందా? కాశి సంగతి వచ్చేసరికి ప్రశ్న ఇంతటితో ఆగదు. యాత్రకు పుణ్యం ఉందని నమ్మేవారికి, ఆ పుణ్యం దాటిన దూరానిదా చేరిన చోటిదా అన్నది కూడా తేలాలి. నడిచి వెళ్లినవారికీ విమానంలో దిగినవారికీ ఒకే ఫలమా? భారతీయ శాస్త్రాలు దూరాన్ని ఒకచోట, యాత్రాఫలాన్ని మరోచోట చాలా నిశితంగా చర్చించాయి. రెండు చర్చలనూ పక్కపక్కన పెడితే మొదటిదానిలోనే రెండోదానికి జవాబు చాలావరకు దొరుకుతుంది.

ముందు విమానదూరం సంగతి. గోళం మీద రెండు బిందువులను కలిపే అతి పొట్టి దారి మహావృత్తపు చాపం. రెండు ఊళ్ల గుండా, భూకేంద్రం గుండా పోయేటట్టు గోళాన్ని కోస్తే ఆ కోత అంచు నేల మీద గీసే గీత అది. ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే చాలు, ఎవరూ కదలకుండానే దాని పొడవు లెక్కకట్టవచ్చు. జనం దీన్ని తిన్నని గీత అనుకుంటారు గానీ అది వంపు తిరిగినదే. నిజంగా తిన్నని గీత నేల కిందుగా పోతుంది. హైదరాబాదు నుంచి వారణాసికి అలా సొరంగం తవ్వితే సగం దారిలో అది సుమారు 20 కిలోమీటర్ల లోతున ఉంటుంది, పొడవులో కలిసివచ్చేది మాత్రం ఒక్క కిలోమీటరే. విమానం పది కిలోమీటర్లకు పైగా ఎత్తున ఎగురుతుంది కనుక దాని చాపం నేల మీది చాపం కంటే కిలోమీటరున్నర పొడుగు. పైగా విమానం ఆ చాపాన్ని తు.చ. తప్పకుండా అనుసరించదు. నిర్ణయించిన వాయుమార్గాలు, ఎదురుగాలులు, మబ్బులు, దిగవలసిన రన్‌వే దిక్కు దాన్ని పక్కలకు లాగుతాయి. అంటే విమానదూరం ఏ విమానమూ సరిగ్గా ఎగరని దూరం. ఎవరూ నడవని, ఎవరూ ఎగరని ఆ గీత అబద్ధమూ కాదు. ఇంధనం లెక్క మొదలయ్యేది దానితోనే. ఎక్కడా కంటికి కనబడని ఈ గీతకు ఇంతటి ప్రామాణ్యం ఎలా వచ్చిందన్నది ఆలోచించవలసిన విషయం.

దూరాన్ని కాలి నుంచి విడదీసి కోణంలో చూడటం ఈ నేల మీద విస్తారంగా జరిగింది 19వ శతాబ్దంలో. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో, ఉక్కు గొలుసు పరచి నేల మీద నేరుగా కొలిచేది ఆధారరేఖలను మాత్రమే. ఆ తరువాత కొండ మీదినుంచి కొండకు, గోపురం మీదినుంచి గోపురానికి థియోడొలైట్‌తో కోణాలు చూసుకుంటూ పోతే త్రిభుజాలే దూరాలు చెప్పేవి. లాంబ్టన్ చివరి ఏళ్లలో హైదరాబాదును స్థావరం చేసుకుని, నాగపూరుకు తరలిపోతూ దారిలో హింగన్‌ఘాట్ దగ్గర 1823లో చనిపోయాడు. ఏడేళ్లకు, 1830 మే 18న, మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారంతో కాశికి బయలుదేరి హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా వెళ్లాడు. గయ, కలకత్తా చూసుకుని తూర్పు తీరం వెంట తిరిగి మద్రాసు చేరింది 1831 సెప్టెంబరు 3న. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర మజిలీ తరువాత మజిలీగా సాగుతుంది: ఊరు, నీళ్లు, అంగడిలో దొరికే సరుకులు, దాటవలసిన వాగు, దారిలో రాళ్లా రేగడా. సర్వేవారి పటంలో ఈ వివరాలకు చోటు లేదు, ఉండనక్కరలేదు కూడా. ఒకే నేల మీద, ఒకే కాలంలో, రెండు రకాల దూరాలు కాగితానికి ఎక్కాయి. ఒకటి నడుమనున్నదంతా తీసేస్తే మిగిలేది. రెండోది నడుమనున్నదంతా కలిపితే వచ్చేది.

తర్కానికి పేరుపడిన న్యాయ, వైశేషిక దర్శనాలవారి లెక్క ఈ రెండో రకానికి దగ్గర, అయినా మొదటిదానినీ అందులోనే ఇముడ్చుకోగలదు. దూరం గురించి అంత స్పష్టంగా మాట్లాడిన దర్శనం మరొకటి లేదు. కాశిలో పేరుపడిన తార్కికుడు అన్నంభట్టు కృష్ణాతీరంలోని గరికపాడు వాడని తెలుగునాట చెబుతారు. కాశికి వెళ్లినంత మాత్రాన అన్నంభట్టు అయిపోరన్న నానుడి పండితుల నోట ఇప్పటికీ నలుగుతుంది. 17వ శతాబ్దంలో ఆయన రాసిన తర్కసంగ్రహం నేటికీ తర్కం నేర్చుకునే పిల్లల మొదటి పుస్తకం. అందులో చెప్పిన తొమ్మిది ద్రవ్యాల్లో దిక్కు ఒకటి: ఒకటే అయినది, నిత్యమైనది, అంతటా వ్యాపించినది. ఇరవై నాలుగు గుణాల్లో పరత్వం, అపరత్వం రెండు. దూరంగా ఉన్నదానిలో పరత్వం, దగ్గరగా ఉన్నదానిలో అపరత్వం ఉంటాయి. పెద్దవాడు, చిన్నవాడు అనేటప్పుడు ఇవే కాలం వల్ల వస్తాయి.

దూరం ఒక గుణమంటే కుండకు ఎరుపు ఉన్నట్టు ఊరికి దూరం ఉంటుందా? అదే దర్శనానికి చెందిన విశ్వనాథ న్యాయపంచాననుడి న్యాయసిద్ధాంతముక్తావళి ఈ అనుమానాన్ని మూడు నాలుగు ఊళ్ల పేర్లతో తీరుస్తుంది. పాటలీపుత్రంలో నిలబడినవాడికి కాశితో పోలిస్తే ప్రయాగ దూరం, కురుక్షేత్రంతో పోలిస్తే ప్రయాగే దగ్గర. ప్రయాగ కదల్లేదు, మారలేదు. మారిందల్లా ఎక్కడ నిలబడి, దేనితో పోలుస్తున్నామన్నది. అంటే దూరానికి మూడు కావాలి: నిలబడిన చోటు, చూస్తున్న చోటు, పోల్చే మరో చోటు. ఈ మూడింటినీ కలిపి పట్టుకునే తెలివికి నైయాయికులు పెట్టిన పేరు అపేక్షాబుద్ధి. అది లేకపోతే పరత్వం పుట్టదు, అది పోతే పరత్వమూ పోతుంది.

అయితే ఇదంతా మనసు కల్పన అనుకోకూడదు. బుద్ధి ఊరికే పోల్చదు, లెక్కపెట్టి పోలుస్తుంది. లెక్కకు వచ్చేవి సంయోగాలు, అంటే ఒకదానికొకటి తగులుతూ వరసగా ఉన్న వస్తువుల కలయికలు. పాటలీపుత్రం నుంచి కాశి దాకా నేల ముక్క నేల ముక్కను తాకుతూ ఇన్ని కలయికలుంటే, ప్రయాగ దాకా అంతకంటే ఎక్కువ. ఆ ఎక్కువే దూరం, ఆ తక్కువే దగ్గర. సంయోగాలు బయట ఉన్నవి, ఎవరూ చూడకపోయినా ఉంటాయి. వాటిని పోల్చి ఒకటి దూరమని, మరొకటి దగ్గరని తేల్చడానికి మాత్రం చూసేవారు కావాలి. దూరం లోపలిదా బయటిదా అన్న పాత పేచీని ఈ వివరణ చక్కగా పరిష్కరిస్తుంది. ఇది తరువాతి యుగాల పరీక్షకు కూడా నిలుస్తుంది. విమానదూరం 1000 కిలోమీటర్లనడం అంటే ఆ చాపం పొడవునా మీటరు బద్దను పది లక్షలసార్లు కొసకు కొస తాకించవచ్చని చెప్పడమే. 1983 నుంచి మీటరును కాంతి శూన్యంలో ఒక సెకనులో 299792458వ వంతు కాలంలో పోయే దూరంగా నిర్వచిస్తున్నారు. బద్ద స్థానంలో కాంతి వచ్చింది గానీ లెక్కపెట్టడం తప్పలేదు.

ఈ న్యాయదర్శనంలోనే ఉండి తిరుగుబాటు చేసినవాడు రఘునాథ శిరోమణి. 15, 16వ శతాబ్దాల నడుమ బతికిన ఈ బెంగాలీ తార్కికుడు, దిక్కు, కాలం అనే వేరు ద్రవ్యాలు అక్కర్లేదని, ఆ పని ఈశ్వరుడే చేస్తాడని వాదించాడు. పరత్వాపరత్వాలను కూడా వేరు గుణాలుగా ఒప్పుకోలేదు: సంయోగాల ఎక్కువ తక్కువలతోనే దూరం అర్థమవుతున్నప్పుడు మళ్లీ ఒక గుణం ఎందుకన్నది ఆయన ప్రశ్న. ఇందులో రెండో ముక్క తర్కానికి సంబంధించింది, మొదటిది భక్తికీ సంబంధించింది. ఊరికీ ఊరికీ నడుమనున్న చోటు ఈశ్వరుడే అయితే, ఈశ్వరుణ్ణి చూడటానికి దాటవలసిన దూరం అన్న మాటే చిత్రంగా తోస్తుంది. రెండు వందల ఏళ్ల తరువాత యూరపులో ఇదే జగడం మరో రూపంలో జరిగింది. చోటు దానంతట అది ఉన్నదని, ఈశ్వరుడి సర్వవ్యాపకత్వంతో ముడిపడి ఉన్నదని న్యూటన్ పక్షం. వస్తువులు ఒకదాని పక్కన ఒకటి ఉండే క్రమానికి మించి చోటు అనేదేమీ లేదని లైబ్నిజ్ పక్షం. 1715, 1716లలో న్యూటన్ తరఫున క్లార్క్‌కూ లైబ్నిజ్‌కూ నడిచిన ఉత్తరాలు లైబ్నిజ్ మరణంతో ఆగిపోయాయి. వైశేషికుల దిక్కు న్యూటన్‌ను తలపిస్తుంది. వారు దూరాన్ని వివరించిన తీరు లైబ్నిజ్‌కు దగ్గర. ఈ రెండూ ఒకే దర్శనంలో పక్కపక్కన ఇమడడం గమనించదగ్గది.

దారి అనేదే నిలవదన్నవారు కూడా ఉన్నారు. మాధ్యమిక బౌద్ధానికి మూలపురుషుడైన నాగార్జునుడు మూలమధ్యమకకారిక రెండో ప్రకరణంలో, నడిచేసిన దారిలో నడక లేదు, నడవని దారిలోనూ లేదు, ఈ రెండూ కాని ‘నడుస్తున్న దారి’ ఎక్కడ దొరుకుతుందని నిలదీస్తాడు. ఆంధ్రదేశంలో కృష్ణ ఒడ్డున ఒక కొండ, ఒక సాగరం ఈయన పేరు మోస్తున్నాయి. న్యాయదర్శనానికి మూలమైన న్యాయసూత్రాల్లో ఇలాంటి వాదమే పూర్వపక్షంగా కనిపిస్తుంది. చెట్టు నుంచి రాలే పండుకు పడిపోయిన దూరం, పడవలసిన దూరం తప్ప మూడోది లేదు కనుక వర్తమానమే లేదన్నది ఆ వాదం. ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యం ఇచ్చే జవాబు, కాలాన్ని తెలిపేది దారి కాదు, క్రియ అని. పండు పడుతూ ఉండటమే వర్తమానం. దారిని ముక్కలు చేసి నడకను వెతికితే నడక దొరకదు. యాత్రాఫలం గురించిన చర్చకు వచ్చేటప్పుడు గుర్తుంచుకోవలసిన మాట ఇది: దూరం ఒకటి, క్రియ ఒకటి.

మతానికి ఊళ్ల మధ్య దూరం అచ్చంగా లెక్కకట్టి కావలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. వాటిలో గొప్పది ముస్లిం పండితుడు అల్ బీరూనీది. గజనీ నుంచి మక్కా ఏ దిక్కున ఉందో తేలితే తప్ప నమాజుకు మసీదు గోడ సరిగ్గా నిలపలేరు. దానికి రెండు ఊళ్ల అక్షాంశాలు, వాటి రేఖాంశాల తేడా కావాలి. 1025లో ముగించిన గ్రంథంలో ఆయన బాగ్దాదు నుంచి గజనీ దాకా ఊరూరికీ ఒంటెల బిడారులు చెప్పే దూరాలు సేకరించి, దారి వంకరలకు తగ్గింపు వేసి, గోళత్రికోణమితితో రేఖాంశాలు రాబట్టాడు. బాటసారి చెప్పిన దూరాన్ని ఆకాశదూరంగా మార్చడం అంటే ఇదే, విమానాలకు తొమ్మిది వందల ఏళ్ల ముందు. తరువాత హిందూదేశం గురించి రాసిన గ్రంథంలో కనోజు నుంచి ఊళ్లకు దారులు చెబుతూ కాశిని కూడా పేర్కొన్నాడు. ప్రార్థనకు దిక్కు చాలు, అడుగులు అక్కర్లేదు. యాత్రకు మాత్రం అడుగులు కావాలి.

ఎన్ని అడుగులు? గయాయాత్ర గురించి పురాణాలు చెప్పే మాటలో లెక్క చాలా సూటిగా ఉంది: గయకు వెళ్లాలని ఇల్లు కదిలింది మొదలు, వేసే ప్రతి అడుగూ పితృదేవతలకు స్వర్గానికి ఒక్కొక్క మెట్టు అవుతుంది. ఇక్కడ పుణ్యం చేరిన చోట మొత్తంగా దొరికేది కాదు, దారి పొడవునా అడుగుకొకటిగా పోగయ్యేది. అడుగంటే పాదానికీ నేలకూ సంయోగం. నైయాయికుడు దూరాన్ని ఎలా లెక్కపెట్టాడో పౌరాణికుడు పుణ్యాన్నీ అలాగే లెక్కపెట్టాడు. ఈ లెక్కను కళ్లారా చూడాలంటే అలిపిరి నడకదారికి వెళ్లవచ్చు. మొక్కుకున్నవారు మూడున్నర వేల పైచిలుకు మెట్లలో ఒక్కటి కూడా వదలకుండా వంగి, పసుపు రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టి, లేచి మరో మెట్టు ఎక్కుతారు. కొందరు ఒక్కొక్క మెట్టు మీద కర్పూరం వెలిగిస్తారు. చేతివేళ్లు పచ్చబడి, నడుము పట్టేసి, పక్కనుంచి పోయేవారు ‘గోవిందా’ అంటే ఆ ఊపుతో మరో పది మెట్లు సాగుతాయి. కొండ మీదికి 1944 నుంచి ఘాట్ రోడ్డు ఉంది. బస్సులో వెళ్లినవారికీ అదే గుడి, అదే దేవుడు. అయినా మెట్టు మెట్టుకూ బొట్టు పెడుతున్నారంటే, చేరడం ఒక్కటే ఫలం కాదన్న నమ్మకం బలమైనదే.

మరి అడుగే లేని ప్రయాణం మాటేమిటి? మత్స్యపురాణం ప్రయాగమాహాత్మ్యంలో ఈ విషయం గట్టిగానే చెప్పింది. ఐశ్వర్యం వల్లనో, లోభం వల్లనో, మోహం వల్లనో వాహనమెక్కి వెళ్లేవాడికి ఆ తీర్థం నిష్ఫలమని, కనుక వాహనం విడిచిపెట్టాలని దాని భావం. పైపైన చదివితే పల్లకీలో వెళ్లిన వీరాస్వామయ్యకూ, విమానంలో వెళ్లే నేటి యాత్రికులకూ ఇది వ్యతిరేకమే. కానీ అందులోని మొదటి మాటలు ముఖ్యం. వాహనం ఎక్కడాన్ని ఒంటరిగా తప్పుపట్టలేదు, ఎక్కడానికి కారణమైన మనసును జోడించి తప్పుపట్టింది. కాళ్లు కదలని ముసలివారి వాహనం ఈ మూడింటిలో దేనిలోకీ రాదు.

వేదవిధుల అర్థాన్ని తేల్చే మీమాంసకుల పద్ధతిలో చూస్తే చిక్కు ఇంకా తేటపడుతుంది. యాగానికి బియ్యం కావాలి. వడ్లకు పొట్టు తీయాలి. రోకటితో దంచవచ్చు, గోటితోనూ ఒలవవచ్చు. వేదం దంచమని చెప్పింది. పొట్టు ఎలా పోయినా బియ్యం బియ్యమే అయినప్పుడు ఆ మాట ఎందుకు? ఇన్ని దారులున్నా ఈ ఒక్క దారినే పట్టమనడానికి. దీన్ని నియమవిధి అంటారు, ఆ నియమం పాటించడం వల్ల కంటికి కనబడని ఫలం ఒకటి ప్రత్యేకంగా పుడుతుందంటారు. ఇప్పుడు యాత్రకు వద్దాం. కాశికి వెళ్లడానికి కాలినడక, బండి, రైలు, విమానం ఉన్నాయి. నడక నియమవిధి అయితే విమానంలో వెళ్లడం గోటితో ఒలిచిన వడ్ల వంటిది: గంగాస్నానం జరుగుతుంది, నియమఫలం మాత్రం జారిపోతుంది. నడకకు అలాంటి విధి లేకపోతే, స్నానం చేయమన్నప్పుడు అక్కడికి చేరడం దానంతటదే వచ్చిపడిన పని, ఎలా చేరినా ఒకటే. గయ విషయంలో అడుగును పురాణం ప్రత్యేకంగా పొగిడింది కనుక అక్కడ మొదటి పక్షానికి బలం ఉంది. అన్ని తీర్థాలకూ దాన్ని అంటగట్టడానికి ఆధారం చాలదు.

ఇస్లామీ ధర్మశాస్త్రం ఇదే చిక్కును ఎదుర్కొని మరోలా తేల్చింది. ప్రయాణంలో ఉన్నవారు నాలుగు రకాతుల నమాజును రెండుకు కుదించవచ్చు. ఎంత దూరం పోతే ప్రయాణికుడవుతాడు? ఆ ధర్మశాస్త్రపు హనఫీ శాఖలో అసలు లెక్క మూడు రోజుల నడక, మన దేశపు ఉలేమా దాన్ని 48 మైళ్లుగా, సుమారు 77 కిలోమీటర్లుగా స్థిరపరిచారు. విమానంలో అంత దూరం పది నిమిషాల్లోపే పోతుంది, అలసటా ఉండదు. అప్పుడు కూడా కుదింపు చెల్లుతుందా? చెల్లుతుందన్నదే అధికసంఖ్యాకుల తీర్పు. సడలింపు వెనుకనున్న దయ కష్టాన్ని చూసి ఇచ్చిందే, కానీ విధి అంటిపెట్టుకున్నది కష్టాన్ని కాదు, ప్రయాణాన్ని. కష్టం మనిషికొక తీరుగా ఉంటుంది, దానికి కొలత లేదు. దూరానికి ఉంది. అంకెను బట్టి కాకుండా, జనం దేన్ని ప్రయాణమంటారో అదే ప్రయాణమని 1328లో మరణించిన ధర్మశాస్త్ర పండితుడు ఇబ్న్ తైమియా వాదించాడు, ఆ మాటను అనుసరించేవారూ ఉన్నారు. చట్టానికి కొలవగలిగిన ఆనవాలు కావాలి కనుక దూరాన్ని పట్టుకోవడం సబబే. ఫలం సంగతి వేరు. ఫలం ఇచ్చేవాడికి కిలోమీటరు రాయి అక్కర్లేదు.

ఫలం ఎవరికి వస్తుందో చూస్తే నైయాయికుల లెక్కలోనే ఈ ముడి విడిపోతుంది. వారి ప్రకారం పరత్వాపరత్వాలు ఉండేది భూమి, నీరు, తేజస్సు, గాలి, మనసు అనే మూర్తద్రవ్యాల్లోనే, అంటే పరిమితి ఉండి కదలగలిగిన వాటిలోనే. ఆత్మ విభువు. అంతటా ఉన్నది కనుక దానికి కదలిక లేదు, దూరమూ లేదు, దగ్గరా లేదు. హైదరాబాదులో బయలుదేరి కాశిలో దిగేది శరీరం, దానితో పాటు అణువంత మనసు. ఆత్మ ప్రయాణం చేయదు. పుణ్యం మాత్రం ఆత్మగుణం, అదృష్టమనే పేరుతో ఆత్మలోనే ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లు శరీరానికి సంబంధించినవైతే, పుణ్యం ఆత్మకు సంబంధించినదైతే, మొదటిది రెండోదానిగా ఎలా మారుతుంది? నడుమ వంతెన కావాలి. ఆ దర్శనంలో అలాంటి వంతెన ఉంది, అది ప్రయత్నం. ప్రయత్నమూ ఆత్మగుణమే, ఇచ్ఛ వల్ల పుడుతుంది, శరీరాన్ని కదిలిస్తుంది. నడిచేవాడి ప్రతి అడుగు వెనుకా ఒక ప్రయత్నం ఉంది కనుకనే గయకు పోయేవాడి అడుగులు లెక్కకు వచ్చాయి. అడుగు ప్రయత్నానికి గుర్తు, అంతే. దూరం తనంతట తాను పుణ్యాన్ని మోయలేదు. మోయగలిగితే కాశికీ హైదరాబాదుకూ నడుమ తిరిగే లారీడ్రైవరు అందరికంటే పుణ్యాత్ముడు కావాలి. ఆ డ్రైవరు నిజంగా పుణ్యాత్ముడే కావచ్చు, కానీ కిలోమీటర్ల వల్ల కాదు.

విమానంలో ఏమి పోతుందో, ఏమి మిగులుతుందో దీనితో స్పష్టమవుతుంది. పోయేవి నేలతో సంయోగాలు, వాటి వెనుకనున్న అడుగడుగు ప్రయత్నం, దారిలో ఆకలి, భయం, అపరిచితుల ఆదరణ. ఇవి చిన్న నష్టాలేమీ కావు. నెలల తరబడి ఒకే సంకల్పాన్ని మోసిన మనసుకూ, ఉదయం ఇంట్లో కాఫీ తాగి మధ్యాహ్నానికి ఘాటు మీద నిలబడిన మనసుకూ తేడా ఉంటుంది. మిగిలేవి సంకల్పం, దాని కోసం వదులుకున్నవి. కూలి డబ్బు మూడేళ్లు కూడబెట్టి, తల్లిని చక్రాల కుర్చీలో విమానం ఎక్కించి, బాబత్‌పూర్‌లో దించి, గొదౌలియా కూడలి జనసమ్మర్దంలో దారి చేసుకుంటూ దశాశ్వమేధ ఘాటు మెట్ల మీదుగా చేతుల మీద నీటిదాకా తీసుకువెళ్లే కొడుకు ప్రయత్నం, మేనాలో కూర్చుని బోయీల భుజాల మీద వెళ్లిన ధనికుడి ప్రయత్నం కంటే ఏ లెక్కలో తక్కువ? మహాభారతం వనపర్వంలో పులస్త్యుడు తీర్థయాత్రను పొగిడిన కారణం కూడా ఇక్కడ గుర్తుకు రావాలి: యాగాలు రాజులకే సాధ్యం, పేదవాడు ఆ ఫలాన్ని తీర్థాల వల్ల పొందగలడు. చేతులు, కాళ్లు, మనసు అదుపులో ఉన్నవాడికే తీర్థఫలమని కూడా అక్కడే ఉంది. ఎంత దూరం నడిచాడన్నది ఆ అర్హతల్లో లేదు.

దూరమే లేదన్న చివరి మెట్టు కూడా సంప్రదాయంలో ఉంది. జాబాలోపనిషత్తు అవిముక్తక్షేత్రాన్ని, అంటే కాశిని, కనుబొమలూ ముక్కూ కలిసే చోట చూపిస్తుంది. అయితే ఇది చెప్పినంత సులువుగా పాటించేది కాదు. కాశి తనలోనే ఉందని చెప్పి ఇల్లు కదలని సోమరికి ఈ మాట కొమ్ము కాయదు. శ్రీనాథుడు తెలుగు చేసిన కాశీఖండంలో, వింధ్యను అణచడానికి దేవతల కోరిక మీద దక్షిణానికి వచ్చిన అగస్త్యుడు కాశిని తలచుకుని పడ్డ వేదన మహర్షి పడ్డ వేదన. అన్నీ తెలిసినవాడికి కూడా కాశి దూరమైంది.

యాత్రాఫలం పంపకంలో స్మృతికారులు అనుసరించిన లెక్క, దూరం తనంతట తాను పుణ్యాన్ని మోయదన్న వాదానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం. తన కోసం తాను సంకల్పించి వెళ్లినవాడికి పూర్తి ఫలం. కూలి తీసుకుని మరొకరి కోసం వెళ్లినవాడికి పదహారో వంతు. వేరే పని మీద వెళ్లి, ఎలాగూ వచ్చాం కదా అని తీర్థం చేసినవాడికి సగం. రాలేకపోయినవారి పేర దర్భతో బొమ్మ చేసి నీట ముంచితే, ఇల్లు కదలనే కదలని ఆ మనిషికి ఎనిమిదో వంతు. మొదటి ముగ్గురూ దాటిన దూరం ఒకటే కావచ్చు, నాలుగోవారు దాటిన దూరం సున్నా. సున్నా దూరానికి ఎనిమిదో వంతు వస్తుంటే, అంత దూరమూ నడిచిన కూలివాడికి వచ్చేది అందులో సగమే. ఆఫీసు పని మీద వారణాసికి విమానంలో వెళ్లి, సాయంత్రం మీటింగు ముగిశాక గంగలో మునిగి వచ్చిన ఉద్యోగికి ఈ లెక్కన దక్కేది సగం. అతడి కంపెనీ అతణ్ణి రైల్లో పంపి ఉన్నా, నడిపించి ఉన్నా అంతే వచ్చేది.